సీసం దూరిన దారి

పీణ్య పారిశ్రామికవాడలో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో సుంకన్నకు పని. వఠారంలో వాళ్ళది మా గోడ పక్కిల్లే. సాయంత్రం పని దిగేటప్పుడు షెడ్డులో మనిషికో బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు. బెల్లం తింటే గొంతులో దుమ్ము పోతుందట! ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఇవ్వడానికి చేయి రాని యజమానికి బెల్లం మాత్రం దొరికింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సుంకన్న ఆ ముక్క తినేవాడు కాదు. చొక్కా జేబులో వేసుకొచ్చి, నాలుగేళ్ళ కూతురు గౌరి నోట్లో పెట్టేవాడు. వఠారమంతటికీ ఆ పిల్లే వసపిట్ట.

1998 ఎండాకాలంలో గౌరికి కడుపునొప్పి మొదలైంది. పాలు పడలేదనుకుని తల్లి అంజినమ్మ పాలు, రాగిసంకటి మాన్పించి వట్టి గంజి పోసింది. వానలు పడేసరికి పిల్లకు మాటలు తగ్గి, చివరికి పూర్తిగా ఆగిపోయాయి. ఒకరోజు ఫిట్స్ వస్తే నేనూ వాళ్ళతో ఆసుపత్రికి పరిగెత్తాను.

రక్తపరీక్ష చూసి డాక్టర్ మార్త మమ్మల్ని కూర్చోబెట్టింది.

"ఒంట్లో కణాలకి క్యాల్షియం వెళ్ళే చిన్న దారులుంటాయండీ, ఛానెల్స్ అంటాం. సీసం వస్తే అవి క్యాల్షియమే అనుకుని దారిచ్చేస్తాయి. అది మెదడు కణాల్లో చేరి పని చెడగొడుతుంది. తిండిలో క్యాల్షియం తగ్గితే సీసం ఒంట్లోకి ఇంకా ఎక్కువ చేరుతుంది."

"అయ్యో, పాలు నేనే మాన్పిస్తినే!" అంది అంజినమ్మ.

"సీసం షెడ్డులో కదా ఉండాది మేడం, బిడ్డకెట్లా వచ్చె?" అన్నాడు సుంకన్న.

"పని బట్టలతోనే ఇంటికొస్తారా? పాపకి ఏమైనా తెచ్చిపెడతారా?"

సుంకన్న చేయి జేబు మీదికి పోయింది. ఆ జేబు అంచంతా బూడిదరంగు దుమ్ము.

"నా ఒంటికి మంచిదని ఇచ్చిండే బెల్లం మేడం. బిడ్డ తినాలని నేను తినకుండా తెస్తిని."

జేబు మీది చేయి తీయకుండానే అడిగాడు.

"దానికి మాటొస్తాదా?"

"రక్తంలో ఉన్నది మందులతో తగ్గిస్తాం. మెదడు సంగతి చెప్పలేను. రోజూ ఎదురుగా కూర్చుని మాట్లాడించండి," అంది డాక్టర్, తల ఎత్తకుండానే.

సుంకన్న ఆ షెడ్డు మానేశాడు. గౌరికి నొప్పి తగ్గింది, ఫిట్స్ ఆగాయి. రెండేళ్ళయినా మాట రాలేదు.

ప్రతి సాయంత్రం గోడ అవతలి నుంచి వినిపిస్తుంది.

"అను తల్లీ. నాయనా... నాయనా..."

తండ్రి పెదాలు కదలడం గౌరికి తమాషా. కిలకిలా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, సుంకన్న మళ్ళీ కూతుర్ని 'నాయనా' అని పిలుస్తాడు.