గుంట దగ్గర అడ్డుపలక

ఈశ్వర నామ సంవత్సరం, శ్రావణ బహుళ తదియ. ఆ పొద్దున ఓబులయ్య తిన్నవి మూడు నాగజెముడు పండ్లు. నాలుక ఎర్రబడింది, కడుపు నిండలేదు. అయినా ఎప్పటిలాగే కాలువలోకి దిగి, కాలివేళ్లతో తడుముతూ ఆకూ గులకరాయీ ఏరి గట్టున వేస్తున్నాడు.

ఉదయగిరి కొండ ఊట నుంచి నీటి తిరగలి దాకా ఉన్న ఆ కాలువను ఆయన ముప్పై ఏళ్లుగా కాస్తున్నాడు. నీళ్లు కింది చక్రం రెక్కల మీద పడితే పైన రాయి తిరుగుతుంది. కట్టుబాటు ఒకటే: ముందు రాయికి, తర్వాత మడికి. రాయి నీళ్లు తాగదు, తిరిగి వదిలేస్తుంది.

కరువు రెండో ఏడు. చేతి తిరగలి తిప్పే సత్తువ ఆడవాళ్లకు లేదు. సర్కారు కరువుపనిలో కూలిగా ఇచ్చిన జొన్నలు ఒడిలో పోసుకుని తిరగలి వాకిట కూర్చుంటున్నారు. ఆదిశేషమ్మ నాలుగు రోజులుగా వస్తోంది. ఇంట్లో బాలింత కూతురికి జావ కావాలి.

"ఊట లేదమ్మా," అనేవాడు ఓబులయ్య. భూస్వామి తనకు చెప్పిన మాటే అది.

నెల కిందట భూస్వామి జనార్దనయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ముప్పై ఏళ్లలో అదే మొదలు. సన్న ధారకు చక్రం తిరగదనీ, నీళ్లు కాలువ ఎగువనున్న తన గుంటలో కూడబెట్టి నిండినప్పుడల్లా వదులుదామనీ అన్నాడు. గుంట మూతికి అడ్డుపలక దించింది ఓబులయ్యే. తర్వాత ఎప్పుడు అడిగినా, ఊట లేదు, గుంట నిండలేదనేవాడు జనార్దనయ్య. ఓబులయ్య గుంట చుట్టూ ఉన్న కంపకంచె దాటి ఒక్కనాడూ చూడలేదు. మాట ఇచ్చినవాడి కంచె దాటడం మర్యాద కాదనుకున్నాడు.

ఇవాళ కాలువలో చెమ్మ తగిలింది. సంబరంగా వంగి చూశాడు. కాలిగోళ్లు నీలంగా ఉన్నాయి.

కంచె దాటాడు. అవతల జనార్దనయ్య నీలిమందు రంగు తీసే తొట్లు గుంట నీళ్లతో నిండుగా ఉన్నాయి. గుంట కూడా నిండుగానే ఉంది.

"ఏందిరా ఓబులా, పెళ్లికొడుకు మాదిరి గోళ్లకు రంగేసుకున్నావే?" అన్నాడు తొట్ల దగ్గర నిలబడ్డ జనార్దనయ్య.

"నీ తొట్ల రంగే అయ్యా. గుంట నిండలేదంటివే?"

"పలక దించింది ఎవురు? నువ్వే గదా. పో, పోయి ఆడోళ్లకు చెప్పుకో!"

ఓబులయ్య గుంట గట్టు మీదే నిలబడ్డాడు. ఆ ఆడవాళ్లకు నెల రోజులుగా తాను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. జనార్దనయ్య నవ్వుకుంటూ ఇంట్లోకి వెళ్లాక గుంటలోకి దిగాడు. పలక బురదలో దిగబడి ఉంది. రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మూడోసారికి పెరికాడు. నీళ్లు హోరుమని కాలువలో పడ్డాయి. ఆయన పలకతో గట్టెక్కి కూలబడ్డాడు.

కాసేపటికి కింది నుంచి రాయి తిరిగే చప్పుడు వచ్చింది. దాని మీదుగా ఆదిశేషమ్మ కేక: "ఓబులన్నా! ఊట వచ్చినాది!"

సందెవేళ ఆమె ముంతలో జావ పట్టుకుని గట్టెక్కింది. ఆయన కంచెకు ఆనుకుని, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "అన్నా," అని పిలిచింది. దగ్గరికి వెళ్లి చెయ్యి తాకి చూసింది, చల్లబడి ఉంది. రెండోసారి పిలవలేదు.

మగవాళ్లు ఆయన్ను మోసుకుపోయారు. గుంట మూతికి మళ్లీ ఎవరూ దించకుండా, పలకను మాత్రం ఆమె అక్కడ వదల్లేదు. తెచ్చి, తిరగలి లోపల పిండి అంటిన రాయి పక్కన నిలబెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. మూసే ముందు ఒకసారి చూసింది: పలక తడి ఇంకా ఆరలేదు.