థార్న్‌గిల్ ఎత్తు

"క్లబ్బులో కొత్తగా చేరిన బెథన్ ఉంది చూడూ, థార్న్‌గిల్ ఎత్తు సైకిలు మీద మేకపిల్లలా ఎక్కేసిందనుకో!" అన్నాడు గ్రేమ్, బురద కొట్టుకుపోయిన జెర్సీని లోరెయిన్ చేతిలో పెడుతూ. "దీన్ని వేణ్ణీళ్లలో వేయకు, రంగు పోతుంది."

వేణ్ణీళ్లలో వేయకూడదని లోరెయిన్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లయినప్పటి నుంచీ ఆ బురద ఉతుకుతూనే ఉంది. జెర్సీని తిరగేసి, అతను చూడటం లేదని రూఢి చేసుకుని వాసన చూసింది. చెమట, తడిసిన ఉన్ని, గొర్రెల పెంట. ఇంకేమీ లేదు. లేనందుకు మనసు కుదుటపడాలి కదా, పడలేదు. ఆ వారమంతా బెథన్ పేరు ఇంట్లో ఉప్పులా ప్రతి కంచంలోనూ పడుతూనే ఉంది. బెథన్ వానని లెక్కచేయదట. బెథన్ ఎదురుగాలిలో ముందుండి అందరికీ అడ్డు కాస్తుందట. రాత్రి పక్కన పడుకున్నా లోరెయిన్‌కి ఆ మేకపిల్లే కళ్లముందు గెంతుతోంది. ఆ ఎత్తు మీద ఒకప్పుడు గ్రేమ్ వెనకనుంచి "ఆగవే తల్లీ, ఊపిరి తీసుకోనీ!" అని అరిచింది ఎవర్ని చూసి? అప్పుడు వాళ్లకింకా పెళ్లి కూడా కాలేదు. సైకిలు క్లబ్బులో లోరెయిన్ తర్వాతే అతను పైకి చేరేవాడు. పెద్దాడు పుట్టాక, "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా లోరీ," అన్నాడు. ఆ ఎవరో ఒకరు ఎవరని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అత్తగారు డోరీన్ మాత్రం, "బిడ్డ తల్లివి, ఇంకా ఆ బిగుతు నిక్కర్లేమిటమ్మా, చూసేవాళ్లకి బాగోదు," అని ఆ ముక్క కూడా పూర్తి చేసింది. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. లోరెయిన్ మాత్రం ఆదివారం వస్తే పెద్ద గిన్నెలో పప్పు సూప్ కాచి, కారులో పెట్టుకుని, క్లబ్బు వాళ్లు దారిలో ఆగే ఊరి హాలుకి ముందే చేరి, టీ మరిగిస్తోంది.

ఆ ఆదివారం సన్నగా జల్లు పడుతోంది. సైకిళ్లు రాతిగోడకి ఆనించి అందరూ ఆవిర్లు కక్కుతూ లోపలికొచ్చారు. నున్నటి బుగ్గలు ఎర్రబడి, ముక్కు కారుతూ, నవ్వుతూ ఒకామె నేరుగా వంటగది కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీరేనా లోరెయిన్ గారు? మీ సూప్ గురించి గ్రేమ్ దారంతా ఊరిస్తూనే ఉన్నాడండీ!"

ఈమే బెథన్ అన్నమాట. సూప్ గురించా, అనుకుంది లోరెయిన్. గిన్నె నిండా పోసి ఇచ్చింది. అందంగా ఉందా అంటే అంత అందగత్తె కాదు. అది ఇంకా మండించింది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకున్నా పట్టించుకోకుండా, ఇంకెవరి ఆకలీ తను చూసుకోనక్కర్లేనట్టు నిలబడి తింటోంది.

చెత్త పారేయడానికి లోరెయిన్ బయటికి వెళ్లింది. గోడ పొడుగునా ఆనించిన సైకిళ్ల మధ్య ఆకుపచ్చది ఒకటి కనపడింది. దగ్గరికి వెళ్లింది. హ్యాండిల్ కింద, గొర్రెలు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప కడ్డీల మీద తను ఒకసారి పడ్డప్పుడు గీసుకున్న గీత అలాగే ఉంది. సీటు మాత్రం పైకి లేపారు. చెత్తసంచీ అక్కడే పడేసింది.

లోపలికి వచ్చి, "నా సైకిలు దానికిచ్చావా?" అంది. గొంతు అంత పైకి లేస్తుందని తనకే తెలియదు.

"షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతోంది కదా," అన్నాడు గ్రేమ్, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "నువ్వెలాగూ తొక్కవు."

"అడిగావా?"

"అందరి ముందూ ఏమిటిది లోరీ..."

బెథన్ గిన్నె కింద పెట్టేసింది. "మీదా? క్లబ్బుదన్నాడు నాతో!" గ్రేమ్ వైపు తిరిగి, "సిగ్గులేదూ నీకు? నేనేదో దొంగసొత్తు ఎక్కి తిరుగుతున్నట్టుంది," అని, హెల్మెట్ తీసి లోరెయిన్ చేతికిచ్చింది. "సీటు నేను దించిపెడతాను రండి. ఈ వానకోటు కూడా వేసుకోండి, పైన చలి."

లోరెయిన్ ఆప్రాన్ విప్పింది. ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపుకుంది. కారు తాళాలు గ్రేమ్ ముందు పెట్టి, "గిన్నెలు కడిగి కారులో సర్దు. ఆమెని ఇంటి దగ్గర దింపు," అంది. వారమంతా ఏ ఇద్దర్ని ఒకచోట ఊహించుకుని నిద్రపోలేదో, ఆ ఇద్దర్నీ తన చేతులతోనే ఒక కారులో కూర్చోబెట్టి బయల్దేరింది.

థార్న్‌గిల్ ఎత్తు మొదటి మలుపుకే తొడలు కొయ్యబారాయి. రెండో మలుపు దగ్గర దిగి నెట్టుకుంటూ నడిచింది. క్లబ్బులో అందరికన్నా పెద్దవాడు వాల్టర్ కూడా దిగి, పక్కన నడుస్తూ, "కంగారేం లేదమ్మాయ్, కొండ ఎక్కడికీ పోదు," అన్నాడు. పైకి చేరేసరికి రాతిగోడలు ఆగిపోయాయి. ఇక అంతా ఊదారంగు పొదలూ, గాలీ, బెదిరి పక్కకి తప్పుకునే గొర్రెలూ. మళ్లీ ఎక్కింది. గాలి చెవుల్లో హోరెత్తింది. నోరు తెరుచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

వెనకనుంచి కారు వచ్చి పక్కన నెమ్మదించింది. గ్రేమ్ అద్దం దించి, "చాల్లే లోరీ, పడతావు. ఎక్కు," అన్నాడు.

ఆమె అతన్ని చూడలేదు. అతని పక్కన కూర్చున్న బెథన్ని చూసింది. బెథన్ గ్రేమ్ వైపు చూడటం లేదు. లోరెయిన్ ముందున్న రోడ్డు వైపు, ఆకలిగా చూస్తోంది. ఆ చూపుని లోరెయిన్ ఇట్టే గుర్తుపట్టింది. ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం, గిన్నెలు సర్దుకున్న కారులోంచి తను చూసిన చూపే అది.

"వచ్చే ఆదివారానికి నీకో సైకిలు వెతుకుదాం బెథన్," అంది గట్టిగా. "ఇద్దరం కలిసి వద్దాం."

"మరి టీ ఎవరు పెడతారు?" అన్నాడు గ్రేమ్.

దిగుడు మొదలైంది. లోరెయిన్ బ్రేకుల మీంచి వేళ్లు తీసేసింది.