రంగు నిలవని తొట్టి

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది దవడ మీద. మూడో దెబ్బకు నా తమ్ముడు హనుమండ్లు నోట్లోంచి రక్తం, దాంతోపాటు ఒక పన్ను వసారా బండల మీద పడ్డాయి.

"సంపినవ్ కదరా! దేవుని చేపల్ని సంపినవ్!" అని అరిచాను.

పెళ్లి ఫోటోలు తీసి అప్పుడే కరీంనగర్‌లో బస్సు దిగి వచ్చాను. కెమెరా పెట్టె దించాను గాని, మూడుకాళ్ల స్టాండు ఇంకా చేతిలోనే ఉంది. అద్దాల తొట్టిలో నీళ్లు నేరేడుపండు రసంలా ఉన్నాయి. మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగిలిన రెండు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వాటి పక్కన నా తమ్ముడు, చేతిలో మందు సీసాతో. స్టాండు ఎత్తి వాడి భుజం మీద వేశాను.

"అన్నా, జర ఆగే! మందే ఏసిన!"

"మందా? ఇసం!"

ఆ చేపలు మావి కావు, ధర్మపురి నరసింహస్వామివి. మమ్మల్ని కన్న అవ్వ శంకరవ్వ ఏటా అక్కడ గోదావరిలో చేపలకు పేలాలు వేసి వచ్చేది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, "ఒక్కసారి నా చేత్తోని మేపుతా కొడుకా" అని ఏడ్చింది. రేవులో చేపను పట్టడం పాపం. అయినా స్వామికి దండం పెట్టి, ఐదు బొచ్చె చేపపిల్లల్ని బిందెలో తెచ్చాను. ప్రాణంతో తెచ్చినవాటిని ప్రాణంతోనే జాతరనాడు గోదావరి గంగలో వదులుతానని మాట ఇచ్చాను. ఫోటోలకు కట్టే అద్దాలతో తొట్టి చేసి అవ్వ మంచం పక్కన పెట్టాను. జాతర ఇంకా పన్నెండు రోజులు.

నా తర్వాతి దెబ్బ పడకముందే హనుమండ్లు లేచాడు. తలతో నా పొట్టలో గుద్దాడు. ఇద్దరం కలిసి తొట్టి మీద పడ్డాం. అద్దం పగిలింది. ఊదా నీళ్లు వసారా అంతా పారాయి. వాడి అరచెయ్యి బొటనవేలి నుంచి మణికట్టు దాకా చీలింది. నా వీపులో గాజు దిగింది. అవ్వ లేవలేక మంచంలోంచే అరుస్తోంది. మా పక్కింటి రాములు గోడ దూకి వచ్చి నన్ను వెనక నుంచి పట్టుకున్నాడు.

"అరె సాంబన్నా, సొంత తమ్ముడే! పీనుగైతడు!"

"కానియ్యి!" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

నా భార్య అనసూర్య ఒక్కతే చేపల వైపు చూసింది. బండల మీద కొట్టుకుంటున్న రెండింటిని దోసిట్లో పట్టి, బావినీళ్ల బిందెలో వేసింది.

హనుమండ్లు చేతికి కండువా చుట్టుకుని గుమ్మం దిగాడు. "నువ్వు మనిషివి గావు" అని నా ముఖాన రక్తం ఉమ్మాడు. తను కంపౌండరుగా పనిచేసే డాక్టరు గారి దవాఖానాకు వెళ్లి, అక్కడే పడుకున్నాడు.

పొద్దున కూడా నా కోపం చల్లారలేదు. మందు సీసాను తీసుకెళ్లి, ఫోటోలు కడిగే చీకటిగదిలో హైపో ఉప్పు కలిపిన నీళ్ల పళ్లెంలో కుమ్మరించాను, పారబోద్దామని. ఊదారంగు పళ్లెమంతా పరుచుకుంది. నేను చూస్తుండగానే విరిగిపోయింది. నీళ్లు తేటపడి, కాస్త మడ్డి అడుగున మిగిలింది. అక్కడే కూలబడ్డాను.

నల్లా నీళ్లల్లో బ్లీచింగు పౌడరు కలుస్తుంది. దానికి చేపలు తట్టుకోవని, రోజూ పొద్దున తొట్టి నీళ్లు సగం మార్చి చిటికెడు హైపో వేసేవాణ్ణి. ఆ ఘాటును అది విరిచేస్తుంది. అది మందు కాదు, నీళ్లు బాగుచేయడమే కదా అని ఎవరికీ చెప్పలేదు. ఈలోగా చేపల ఒంటి మీద దూదిలాంటి పూత లేచింది, తోకలు చీకిపోయాయి. హనుమండ్లు దవాఖానాలో పుండ్లు కడిగే మందు తెచ్చి మధ్యాహ్నం పూట వేస్తున్నాడన్నమాట. వాడూ చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? మాది కామెర్లకు పసరు పోసే ఇల్లు. ఇచ్చిన మందు ఇదీ అని నోటితో చెబితే పనిచేయదని బాపు మాతో ఒట్టు వేయించాడు. రంగు నిలవకపోతే మందు చాలలేదనుకుని రోజుకింత పెంచాడు. నిన్న నేను పెళ్లికి పోయాను. హైపో లేదు. పెంచిన మందంతా చేపల మీదే పడింది.

దవాఖానాకు వెళ్లాను. వాడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు, ముఖం గుమ్మడికాయంత.

"ఇంకో పన్ను కావాల్నా?"

"తమ్మీ, నువ్వేసిన మందు నేనే ఇరగ్గొట్టిన. దినాం హైపో ఏసిన" అంటూ అంతా చెప్పాను.

వాడు విన్నాడు. లేచి, ఎడమచేత్తో నా చెంప పగిలేలా కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. చెయ్యి ఎత్తలేదు నేను.

"ఎన్ని బతికినయ్?" అన్నాడు.

"రెండు. పూత అట్లనే ఉన్నది."

"బావినీళ్లే పెట్టు. గా హైపో ముట్టకు. నేనొచ్చి ఏస్త. ఎంత ఏస్తున్ననో నోటితోటి చెప్పే ఏస్త. బాపు ఒట్టు గంగల గలువనీ."

బాపు మాట తప్పినందుకు వాడికేదైనా పాపముంటే అది నాకే రావాలని మొక్కుకున్నాను. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి కూడా పసిపిల్లవాణ్ణి చూసి చల్లబడ్డాడంటారు. నేను చల్లబడడానికి ఒక రాత్రి, ఒక పళ్లెం హైపో కావలసి వచ్చాయి. నా తమ్ముడి ముఖం ఎందుకు చాలలేదు?

రెండింటిలో ఒకటి మూడోనాడు పోయింది. మిగిలినదాని పూత రాలిపోయింది. అవ్వ దానికే పేలాలు వేసింది.

జాతరనాడు హనుమండ్లు బిందె పట్టుకుని నాతో ధర్మపురి రేవు దిగాడు. వాడి బొటనవేలు ఇంకా వంగడం లేదు. చెన్నూరు నుంచి వచ్చిన ఒక ముసలామె స్నానం ఆపి వాడి ముఖం వైపు చూసింది.

"ఎవలు కొట్టిండ్రు బిడ్డా గిట్ల?"

"మా అన్ననే అవ్వా. గీ చేప కోసం."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, తన నీళ్ల చెంబు తీసుకుని అవతలి మెట్టుకు జరిగింది. నేను మోకాళ్ల లోతులో నిలబడి బిందె వంచాను. ఐదింటికి మాట ఇచ్చి ఒక్కటి తెచ్చానని స్వామికి చెప్పుకున్నాను. చేప కాసేపు నా కాళ్ల దగ్గరే ఆగి, తర్వాత లోతుకు పోయింది. వెనక్కి తిరిగేసరికి హనుమండ్లు ఒడ్డెక్కి నడిచిపోతున్నాడు, నా కోసం ఆగకుండా.