రెండో పాటగా వచ్చిన పదోది

ఆగండి, ఒక్క ఐదు నిమిషాలు నా మాట వినండి. సీడీల్లో పాటలు ఎక్కించే ఇషాక్ చాచా చాయ్ తాగడానికి పక్క హోటల్‌కు వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోపు నేనొకటి తేల్చుకోవాలి. మొదటి నుంచీ చెబుతాను.

నేను సంజన. నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. పోయిన నెల అక్కడి పాత సామాన్ల దుకాణంలో నాకొక చిన్న సీడీ ప్లేయర్ దొరికింది. గుండ్రంగా ఉంది, ఒళ్ళో పట్టేంత, మూత మీద ఎంపీత్రీ అని కూడా రాసుంది! అది చూసి దుకాణంలోనే గంతేశాను. మామూలు సీడీగా రాస్తే ఎనభై నిమిషాల పాటలే పడతాయి, ఎంపీత్రీలు చదివే ప్లేయరైతే అదే సీడీలో వంద పాటలైనా పడతాయి. నా ఫోన్‌లో మా అవ్వ పాటలు పన్నెండున్నాయి, అన్నీ కలిపి రెండు గంటల పైనే.

అవ్వ పేరు రేణుకమ్మ. బోధన్ దగ్గర మా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పసుపు దంచేటప్పటి నుంచి అప్పగింతలు దాటేదాకా పాడేది ఆమే. నిరుడు సరదాగా రికార్డ్ చేసి పెట్టుకున్నాను. ఈ నెల ఆమె గొంతుకు ఆపరేషన్ అయింది, నెల రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. సరిగ్గా ఈ నెలలోనే మా పెదనాన్న కూతురు పుష్పలతక్క పెళ్ళి. అక్క అవ్వ చేతుల మీద పెరిగిన పిల్ల. ఆ పెళ్ళికి పాడలేకపోతున్నానని అవ్వ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఫోన్‌లో పెడదామంటే పెళ్ళింట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది, పాట మధ్యలో తెగిపోతుంది. ప్లేయరైతే ఒళ్ళో పెట్టుకుని ఏ పాట ఎప్పుడు రావాలో అవ్వే బటన్ నొక్కొచ్చు. నోటితో కాకపోయినా వేలితో పాడినట్టే కదా! ఈ మాట చెప్పగానే అవ్వ నా రెండు చెంపలూ పట్టుకుని ఊపేసింది.

బోధన్‌లో ఇంకా సీడీలు రాసేవాళ్ళెవరని అడిగితే అందరూ ఇషాక్ చాచా పేరే చెప్పారు. ఆయన దగ్గర ఖాళీ సీడీలు రెండే మిగిలాయి. పాటలన్నిటికీ ముద్దుగా తెలుగులో పేర్లు పెట్టి తీసుకెళ్ళాను. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"బేటీ, గీ ప్లేయర్‌కు తెలుగు రాదు. నంబర్లు ఏసి ఎక్కియ్యి."

అవ్వ పాడే వరసలో ఒకటి నుంచి పన్నెండు దాకా వేశాను. లాప్‌టాప్‌లో అన్నీ బుద్ధిగా వరసన నిలబడ్డాయి. సీడీ తయారైంది, మొదటి పాట వినపడింది, నేను ఆనందం పట్టలేక మిగతావి చూడకుండానే బండెక్కేశాను. దారంతా చెరుకు ట్రాక్టర్ల వెనకాల అవ్వ పాటలు అరుచుకుంటూ పోయాను. అదే నేను చేసిన తప్పు, చూడకుండా పోవడం.

ఇవాళ పొద్దున పసుపు దంచుడు. ప్లేయర్‌ను స్పీకర్‌కు కలిపాం. వాకిట్లో రోలు, మా చేన్లో పండిన పసుపు కొమ్ములు, చుట్టూ ఐదుగురు ముత్తయిదువులు. అవ్వ బటన్ నొక్కింది. ఆమె గొంతు ఖంగుమని లేచింది, రోకళ్ళు తాళం పట్టాయి, నాకు ఒళ్ళు ఝల్లుమంది! ఆ పాట కాగానే అవ్వ ఆపింది. రోట్లో కొమ్ములు మార్చాక మళ్ళీ నొక్కింది. రెండోది నలుగు పాట రావాలి.

అప్పగింత పాట వచ్చింది.

రోకళ్ళు ఆగిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ అక్క కాసేపు విన్నది, తర్వాత గబగబా వచ్చి అవ్వ ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. అవ్వ పాట ఆపబోయింది గానీ చెయ్యి అక్క తల కింద ఇరుక్కుపోయింది. ముత్తయిదువులు ఐదుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. స్క్రీన్ మీద చూస్తే 10 అని ఉంది. అప్పుడర్థమైంది నాకు. ఈ ప్లేయర్ మొదటి అంకె చూసి వరస పెట్టుకుంటుంది. దానికి ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు, ఆ తర్వాతే రెండు. ముందో సున్నా పెట్టి 01, 02 అని రాసుంటే సరిపోయేది.

ఇంతలో ఆపేవాళ్ళు లేక దానంతట అదే పదకొండోది మొదలైంది. తొట్టెల పాట. అప్పగింతలు కూడా అయ్యాక, పుట్టబోయే పిల్లను ఊపుతున్నట్టు పాడే పాట!

అక్క వాళ్ళమ్మ వసంతమ్మ పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని అవ్వ వైపు తిరిగింది.

"పిల్లకు పసుపన్న పెట్టకపోతిమి, అప్పుడే తొట్లెల ఏసినవా అత్తా?"

అందరికన్నా ముందు అక్కే నవ్వింది. అవ్వ చప్పుడు రాకుండా భుజాలు ఎగరేస్తూ నవ్వింది, కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఆ గోలలో ఎవరో పసుపు చేతులతో మూత తీసి సీడీని రోలు పక్కన పడేశారు. గీతలు పడి అదిక పాడడం లేదు. మిగిలిన ఒక్క సీడీ రాయించుకొస్తానని బయలుదేరుతుంటే అక్క నా బండి పట్టుకుంది.

"పదోది ఎక్కియ్యకే. ఏడ్సుడు ఇయ్యాల్నే అయిపోయింది. రేపు నవ్వుకుంట పోత."

సరేనన్నాను. గేటు దాటేలోపు అవ్వ ఎదురొచ్చింది. మాట్లాడకూడదు కదా, రెండు చేతులూ నా ముఖం ముందు చాపి పది వేళ్ళు చూపించింది. తర్వాత తన గొంతు ముట్టుకుంది. ఊళ్ళో ఎందరు ఆడపిల్లలనో ఆ పాటతోనే సాగనంపింది, తను పెంచిన పిల్లకు లేకుండా ఎలా అని. ఆమెకూ సరేనన్నాను.

ఇప్పుడు చాచా లాప్‌టాప్ ముందున్నాను. అన్నిటికీ సున్నాలు పెట్టేశాను, ఈసారి వరస పక్కా! పదోది మాత్రం పక్కన ఉంచాను. ఈ సీడీ ఒకసారి రాస్తే మళ్ళీ మార్చడానికి లేదు. అదిగో, చాచా గ్లాసు కింద పెట్టి లేస్తున్నాడు. మీరైతే పదోది ఎక్కిస్తారా, వదిలేస్తారా?