ఆనవాలు చీర

“ఇంకో చీర కావాలె చెల్లె,” అన్నాడు భానుప్రకాశ్.

మగ్గం మీద అటూ ఇటూ ఆడుతున్న నాడె పద్మజ చేతిలో ఆగిపోయింది.

గద్వాలలోని ఆ నేత ఇంటికి ఆయన కొత్తవాడు కాదు. ఆమె భర్త నాగేష్‌తో గట్టు ఊరి బడిలో కలిసి చదువుకున్నాడు. పార్లమెంటు సభ్యుడయ్యాక కూడా పద్మజతో రాఖీ కట్టించుకోవడానికి వచ్చేవాడు. అందుకే నాగేష్ దాచిన మనిషి సంగతి ఆమె ఆయనొక్కడికే చెప్పింది.

నాగేష్ కట్టడం పనికి పోయిన దేశంలో సైన్యం పార్లమెంటును రద్దు చేసి, సభ్యులను జైళ్లలో వేసింది. ఒక సభ్యురాలు తప్పించుకుని, నాగేష్ ఉండే పాలమూరు కూలీల గదుల్లోకి వచ్చి పడింది. “దాచకుంటే సంపుతరు, ఏం జెయ్యాలె?” అన్నాడు నాగేష్ ఫోన్లో.

ఖైదులో ఉన్నవాళ్ల విడుదల కోసం మాట్లాడడానికి మన పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి అక్కడికి బయల్దేరింది. అందులో భానుప్రకాశ్ ఉన్నాడు. దాక్కున్న ఆమెను మన రాయబార కార్యాలయానికి చేరుస్తానని మాటిచ్చాడు. పద్మజ తను నేసిన చిలకాకుపచ్చ చీర ఆనవాలుగా ఇచ్చింది. ఆ చీర తెచ్చినవాళ్లకే తలుపు తీయమని నాగేష్‌కు చెప్పింది.

తలుపు తెరుచుకుంది. పోలీసులు ఆ సభ్యురాలిని ఈడ్చుకుపోయారు. ఆ సమయానికి పనిలో ఉన్న నాగేష్ అటునుంచి అటే మాయమయ్యాడు. అతని ఫోను మూగబోయింది. భానుప్రకాశ్ మాత్రం టీవీలో, సైన్యం కూర్చోబెట్టిన కొత్త సభాపతి పక్కన నిలబడి, “ఇక్కడ ప్రజాస్వామ్యం చక్కగా ఉంది,” అన్నాడు.

“నేను పోయేసరికే పోలీసులున్నరు,” అన్నాడు ఇప్పుడు, తల పట్టుకుని. “నీ చీర బ్యాగుల నుంచి తియ్యనే లేదు. ఎవడో కూలోడే చెప్పిండు.”

“మరి గా చీరనే పంపరాదన్నా? ఇంకోటి ఎందుకు?”

“అదా... హోటల్ల మర్చిపోయిన.”

ఆ సభ్యురాలి అరెస్టు వీడియోను పద్మజ అప్పటికే మళ్లీ మళ్లీ చూసింది. ఆ గదిలో మంచం మీద చిలకాకుపచ్చ చీర విప్పి ఉంది. పోలీసు బూటు కింద దాని కొంగు నలుగుతోంది.

“నాగేష్‌నైనా కాపాడుకుందాం,” అన్నాడు భానుప్రకాశ్. “కూలోళ్లు నన్ను నమ్ముతలేరు. నీ చేతి చీర చూస్తే వాళ్లే వానికి చేరుస్తరు. వాడు బయటికొస్తడు.”

“ఇస్త. కూసో అన్నా.”

మగ్గం మీద చీర దాదాపు పూర్తయింది. కొంగు ఒక్కటే నేయాలి. పద్మజ అది నేయకుండానే కత్తెర తీసి చీరను మగ్గం నుంచి కోసేసింది.

“అయ్యో! కొంగు...” మూలన కూర్చున్న అత్త తిమ్మమ్మ లేవబోయింది.

“నువ్వూకో అత్తమ్మా.”

“ఏందంట?” భానుప్రకాశ్ తల తిప్పాడు.

“కొంగు పని మంచిగ రాలేదంటుంది. మా అత్తకు నా పని ఎన్నడు నచ్చింది గనక!”

ఆయన నవ్వాడు. ఆమె అంచు పైకి కనబడేలా మడిచిన చీరను అందుకుని మడత విప్పబోయాడు.

“ఇప్పకు అన్నా. మళ్ల గట్ల మడత రాదు.”

“సరే తియ్యి. చూసేటిది నేనా? మీ ఆయనే.”

“అవును. ఆయనే చూడాలె.”

కారు సందు దాటేదాకా తిమ్మమ్మ ఓపిక పట్టింది. తర్వాత కోడలి భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది.

“నీకు మతి పోయిందానే? ఇంట్ల చావైతేనే మనం కొంగు నెయ్యకుండ కోస్తం. మీ మామ పోయిననాడు నాగేష్ గాడే తన చేత్తోని కోసిండు. గా చీర చూస్తే వాడేమనుకుంటడే?”

“తెచ్చినోని ఎంట చావు వస్తుందనుకుంటడు. బయటికి రాడు.”

ముసలామె కోడలి భుజం వదిలి మగ్గం పక్కన కూర్చుంది.

“అయినా... మనింట్ల ఎవరు సచ్చిండ్రని కోసినవే?”

పద్మజ మగ్గం మీద మిగిలిన పోగులను దగ్గరకు లాగి ముడి వేసింది.

“అన్న సచ్చిండత్తమ్మా.”