సంగాత్ పేరు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. కాదని ఎవరన్నారు? మా నాన్న రోజుల నుంచీ రాయగడ బజారులో చింతపండు హోల్‌సేల్ చేస్తున్న కొంపలో పుట్టినదాన్ని. సంత నుంచి వచ్చే బుట్టలో పైన పండూ అడుగున గింజా ఉంటాయని నాకు ఉగ్గుతోనే నూరిపోశారు. అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే కోటేశ్వరమ్మ తూకానికి ఒప్పుకోదని కొండమీది గూడేల వాళ్ళకి కూడా తెలుసు. మొగుడు పోయాక పుట్టింటికే వచ్చేసి, తమ్ముడు ఆదిశేషు పక్కనే గద్దె మీద కూర్చుంటున్నాను. నేను కూర్చున్న దగ్గర్నుంచి మా కొట్టుని మోసం చేసినవాడు లేడు.

అలాంటి నేను ఒక్క మనిషిని నమ్మాను. మా తమ్ముడి కూతురు బిందుశ్రీని. తొంభై ఎనిమిదిలో అది కోరాపుట్ కాలేజీలో చదువుతానంది. హాస్టల్లో ఉండాలి. ఆదిశేషు ససేమిరా అన్నాడు. వాడి పెళ్ళాం బుల్లికి మొగుడు ఎటంటే అటే. నేనొక్కదాన్నే వాడితో వారం రోజులు పోట్లాడాను. నాకు లేని చదువు దానికైనా ఉండాలని నా ఆశ. చివరికి వాడు ఒప్పుకున్నాడు గానీ నా నెత్తిన బండ పెట్టాడు.

"నీ పూచీ మీద పంపుతున్నానప్పా. ఒక్క మాట నా సెవిన పడిందా, పెట్టె సర్దించి తెచ్చీడమే. మరింక సదువూ లేదు, గిదువూ లేదు."

సరేనన్నాను. అప్పటి నుంచి దాని చదువుకి కాపలాదారుని నేనే.

ఆదివారం ఆదివారం ఎస్‌టీడీ బూత్ నుంచి కొట్టుకి ఫోను చేసేది. పాఠాల సంగతి అడిగితే పొడిపొడిగా చెప్పేది. కాలేజీలో జరిగే సంబరాల గురించి మాత్రం నోరు ఆగేది కాదు. నువాఖాయికి ఒడియా పిల్లలు కొత్త బియ్యం వండి దానికి ముందుగా పెట్టారట. బెంగాలీ వాళ్ళు వాళ్ళ పూజకి పిలిచారట. కుందుర వైపు పిల్లలు చోడి అంబలి తాగించి, ఢెంసా నేర్పించారట. ఢెంసా అంటే ఏమిటని అడిగాను. వరసగా నిలబడి, ఒకరి వెనక నుంచి ఒకరు నడుం పట్టుకుని ఆడే ఆట అంది. ఎవరి నడుం ఎవరు పట్టుకున్నారని అడిగాను. అందరూ ఆడపిల్లలే అత్తా అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సరుకు బాగుందని పదే పదే చెప్పేవాడూ అలాగే నవ్వుతాడు.

మాఘమాసం వెళ్తుండగా మా గుమస్తా అసిరయ్య కోరాపుట్ లైను తిరిగి వచ్చాడు. ఆర్డర్ల కోసం వెళ్ళినప్పుడల్లా బిందుకి జంతికలు పట్టుకెళ్ళేది అతనే. ఆరోజు గద్దె దగ్గర ఏమీ మాట్లాడకుండా, కళ్ళతో సైగ చేసి నన్ను గోడౌన్‌లోకి పిలిచాడు.

"అమ్మా, ఇది నా మాట కాదు. హాస్టలు కాడ కాపలా ముసలోడు సెప్పేడు. మన బిందమ్మ సంగాత్ బసిలా అంట."

బజారు ఒడియా మాకు బాగానే వచ్చు. బేరం, తూకం, తిట్టు వరకు ఎవరికీ తీసిపోము. అంతకు మించి ఎప్పుడూ అవసరం పడలేదు. సంగాత్ అంటే స్నేహితుడు. బసిలా అంటే కూర్చుంది. స్నేహితుడితో కూర్చుంది. ఎక్కడ కూర్చుంది? పెళ్ళికాని ఆడపిల్ల ఒకడితో కూర్చుందని పక్కవాళ్ళు చెప్పుకునేది పీటల మీద కూర్చున్నప్పుడే కదా. ఇంకేం చెప్పాడని అడిగితే అసిరయ్య నేల చూపులు చూశాడు. అందరి ముందూ స్టేజీ మీదే పువ్వులు మార్చుకున్నారట. తర్వాత అటువాళ్ళ ఊరు తీసుకెళ్ళి కొత్త చీర కూడా పెట్టారట. పువ్వులూ అయ్యాయి, చీరా అయింది, కూర్చోవడమూ అయింది. ఇంక మిగిలిందేమిటి, మేము అక్షింతలు వెయ్యడమా?

ఎవరికీ చెప్పొద్దని అసిరయ్యతో ఒట్టు వేయించుకున్నాను. గోడలకి చెవులుంటాయో లేదో తెలియదు గానీ మా గోడౌన్ బస్తాలకి ఉన్నాయి. సాయంత్రానికల్లా ఆదిశేషుకి తెలిసిపోయింది. వాడు అరవలేదు. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. బుల్లి వంటింట్లో ముక్కు చీదుతోంది. తప్పంతా నాదే అన్నట్టు ఇద్దరూ నా వంక చూడడం మానేశారు.

"నువ్వే ఎల్లు," అన్నాడు ఆదిశేషు. "నిజం నాకు దాని నోట్నుంచే రావాల. ఆ సంగాత్ పేరేటో దాని సేతే సెప్పించు. సెప్పలేదంటే మరి మాటల్లేవు, పెట్టెతోటి తీసుకొచ్చీ."

కొత్తగా వేసిన రైలు లైను మీద పొద్దున్న బండికి బయల్దేరాను. దారి పొడుగునా సొరంగాలే. చీకటి పడ్డప్పుడల్లా వాడి ముఖం ఊహించుకున్నాను. ఒకసారి మీసాలతో, ఒకసారి మీసాలు లేకుండా, ఒకసారి కళ్ళజోడుతో. ఎవడైనా సరే, వాడు దాని చదువు తినేశాడు. వాడి మీద కన్నా దాని మీదే నాకు కోపం. పోట్లాడి పంపించిన నన్ను నవ్వులపాలు చేసింది.

హాస్టల్లో ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు. వార్డెన్‌ని అడిగితే ఊళ్ళో దండోరా వేయించినట్టే. ఆవిడతో నాలుగు మంచి మాటలాడి, పిల్లని చూసి పోదామని వచ్చానని చెప్పి, వరండా చివర బెంచీ మీద కూర్చున్నాను. బిందు పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను కావలించుకుంది. చీర కట్టుకుని ఉంది. ముతక నేత, ఎర్రమట్టి రంగు అంచు. కొట్పాడ్ చీర అది. సంతలో చూశాను గానీ మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ కొనలేదు.

చీర ఎక్కడిదని అడిగాను. సంగాత్ వాళ్ళమ్మ పెట్టిందని చెప్పింది. కొంచెం తడబడుతుందేమో, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటుందేమో అని చూశాను. అలాంటిదేమీ లేదు. పండగ చీర చూపించినట్టు కొంగు పరిచి మరీ చూపించింది. ఎంత ముదిరింది ఈ పిల్ల అనుకున్నాను.

"ఆ సంగాత్ పేరేటమ్మీ?"

"పేరు సెప్పకూడదత్తా."

ఆడది నోటితో చెప్పకూడని పేరు లోకంలో ఒక్కటే. పాతికేళ్ళు కాపరం చేసినా మా ఆయన పేరు నా నోట రాలేదు. రేషను కార్డు ఆఫీసులో గుమస్తా భర్త పేరు ఏమిటని అడిగితే, నువ్వు చెప్పరా అని పక్కనున్న మా తమ్ముణ్ణి చూపించాను. ఆ మొద్దు వీడే మొగుడనుకుని ఆదిశేషు అని రాసేశాడు. ఆ కార్డు దిద్దించడానికి ఏడాది పట్టింది. అలాంటి నా ముందు నిలబడి ఇది పేరు చెప్పకూడదంటోంది.

ఎప్పుడయింది పెళ్ళి అని అడిగేశాను. బిందు ముందు తెల్లబోయింది. తర్వాత పగలబడి నవ్వింది. నా ముఖం చూసి ఆ నవ్వు ఆపుకుంది. ఆడపిల్లే అత్తా, నా గదిలో పిల్లే, అంది. సంగాత్ అంటే ఈ కొండల్లో ఇద్దరు స్నేహితులు కట్టుకునే కట్టు అట. మన పల్లెల్లో నేస్తం కట్టినట్టే. ఒడియాలో దాన్నే సంగాత్ కూర్చోవడం అంటారట. జనవరిలో కాలేజీలో ఒక్కో రోజు ఒక్కో జాతివాళ్ళ ఆచారం చూపించారు. ఆరోజు స్టేజీ మీద చాలామంది జంటలుగా పువ్వులు మార్చుకుని, దిగాక టీలు తాగి, మర్నాటికి మర్చిపోయారు. దీనితో మార్చుకున్న పిల్ల మాత్రం మెట్ల దగ్గర ఆపి, ఇది ఆటకా, నిజానికా అని అడిగిందట.

"నిజానికే అన్నానత్తా. ఆల ఊరెల్లి, ఆలమ్మ ముందర మళ్ళీ కూకున్నాం. అప్పట్నుంచి ఒకల పేరొకలం అనకూడదు. అంటే ఆ కట్టు తెగిపోయినట్టే. మళ్ళీ కట్టుకోడానికి లేదు."

ముచ్చటగానే ఉంది కథ. మరీ ముచ్చటగా ఉన్న సరుకంటేనే నాకు భయం. నేస్తాలు పేరు పెట్టి పిలుచుకోకపోవడం నేనెక్కడా వినలేదు. ఆ పిల్లని తీసుకొస్తాను చూడమని బిందు లేవబోయింది. కూర్చోమన్నాను. హాస్టలు నిండా ఆడపిల్లలే. ఎవర్ని నిలబెట్టి ఇదే సంగాత్ అన్నా నేను కాదనగలనా?

ఇంతలో ఆ పిల్లే వచ్చింది. నల్లగా, సన్నగా ఉంది. స్టీలు గ్లాసులో టీ తెచ్చి నా పక్కన పెట్టి, వంగి నా పాదాలు ముట్టుకుని, అత్తా అంది. తెలుగులోనే అంది. ఎవరు నేర్పారో తెలుస్తూనే ఉంది. నాకు వచ్చిన ఒడియాలో పేరు అడిగాను. సుక్రి అని చెప్పింది. ఊరు కుందుర దగ్గరట. మరి ఇదెవరని బిందుని చూపించాను. సంగాత్ అంది. దీని పేరేమిటన్నాను. తల అడ్డంగా ఊపి, నోటి మీద వేలు పెట్టుకుని నవ్వింది.

ఇద్దరూ ఒకే పాఠం అప్పజెప్పినట్టు ఉంది. నా అనుమానం ఇంకా గట్టిపడింది. దొంగ సాక్ష్యాలెప్పుడూ అక్షరం తేడా లేకుండా కలుస్తాయి.

బిందుతో తెగేసి చెప్పాను. మొగుడి పేరైతే ఆడదాని నోట రాదు. ఆడపిల్ల పేరైతే అనడానికి అడ్డేముంది? ఆ పిల్ల తన పేరు తనే చెప్పింది కదా, నువ్వూ అనెయ్యి. నా చెవులతో విని, మీ నాన్నకి ఫోను చేసి, నా దారిన నేను పోతాను. అనలేకపోతే పెట్టె సర్దుకో.

"అత్తా, ఇంకేదైనా అడుగు. ఒట్టెయ్యమంటే ఏస్తాను."

"ఒట్టు నాకెందుకు? పేరు సెప్పు."

అది ఏడ్చి గోల చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. సుక్రి వైపు తిరిగి గబగబా వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. నాన్న అన్న మాటా, ఇల్లు అన్న మాటా నాకు అర్థమయ్యాయి. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. అవుననలేదు, కాదనలేదు. తను నిలబడ్డ చోటే నిలబడి గచ్చు వంక చూస్తోంది. బిందు కొట్పాడ్ చీర కొంగుని వేలికి చుట్టి విప్పి చుట్టి విప్పి, చాలాసేపటికి నా కళ్ళలోకి చూసింది. అలాంటి చూపు చిన్నప్పుడు కూడా నాకేసి చూడలేదు.

"సుక్రి," అంది.

స్పష్టంగా అంది. అమ్మయ్య అనుకున్నాను, అబద్ధమెందుకు. నా నెత్తి మీది బండ దిగింది. పిల్ల తప్పు చెయ్యలేదు, దాని చదువు నిలబడింది, తమ్ముడి ముందు నేను తలెత్తుకోవచ్చు. నా తల్లే అని బిందు బుగ్గలు పట్టుకోబోతే అది వెనక్కి జరిగింది.

సుక్రి ఖాళీ గ్లాసు తీసుకుంది. ఇంకొంచెం టీ కావాలా అని నన్ను మర్యాదగా అడిగింది. వద్దన్నాను. ఈసారి అత్తా అనలేదు, ఒడియాలో మావుసీ అంది. సంతలో ఏ ముసలిదాన్నైనా అలాగే పిలుస్తారు. గ్లాసు కడగడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. బిందు దాని వెనకాలే వెళ్ళింది. నేను సంచీ తీసుకుని మెట్లు దిగుతూ చూస్తున్నాను.

"సంగాత్," అని పిలిచింది బిందు.

ఆ పిల్ల గ్లాసు కడుగుతోంది. నీళ్ళ చప్పుడుకి వినపడలేదేమో అనుకున్నాను. బిందు దగ్గరికి వెళ్ళి మళ్ళీ పిలిచింది. సంగాత్, సంగాత్ అంటూ భుజం మీద చెయ్యి వేసింది. తల ఎత్తలేదు. ఆఖరికి బిందు నెమ్మదిగా సుక్రీ అంది. అప్పుడు తిరిగింది. ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. క్లాసులో పక్కన కూర్చున్న పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఏమిటి బిందుశ్రీ?"

ఒడియాలోనే అయినా అంతమాత్రం నాకు అర్థమైంది. బిందు అక్కడే, ఆ తడి గచ్చు మీదే కూలబడిపోయింది. వెళ్ళి లేవనెత్తాలనుకున్నాను. నేను వెళ్తే లేవదని నాకే తెలిసిపోయింది. గేటు దాటి బయటికి వచ్చేశాను.

ఎదురుగా ఎస్‌టీడీ బూత్ ఉంది. ఆదిశేషు ఫోను పక్కనే కూర్చున్నట్టున్నాడు, గంట ఒక్కసారి మోగగానే ఎత్తాడు. ఆడపిల్లేరా అన్నాను. హాస్టల్లో దాని గదిలో పిల్లే, స్నేహితురాలు, పేరు దాని నోటితోనే చెప్పింది, నా చెవులారా విన్నాను అన్నాను. చదువుకోనివ్వు అన్నాను.

"మరి ఆడపిల్లే అయితే నువ్వెందుకప్పా ఏడస్తన్నావు? ఏటి దాస్తన్నావు నాకాడ?"

ఏమీ లేదురా, నిజమే చెప్తున్నాను అన్నాను. వాడు నమ్మలేదు.