రెబ్కా దవడ

మిరపకల్లంలో తొడిమలు తీస్తున్న రెబ్కా నోట్లో మళ్లీ రక్తం ఊరింది. పక్కకు వెళ్లి ఉమ్మి, మూతికి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి ఆమె గోనెపట్టా మీద ఇంకొకావిడ కూర్చుని ఉంది.

"మేస్త్రీ కూర్చోబెట్టాడక్కా. కాయలకు రక్తం అంటుద్దంట," అంది పక్కనున్న క్రిస్టీనా తల దించుకుని.

మేస్త్రీ శ్యామ్ సుందర్ ప్రత్తిపాడు చర్చిలో సంఘపెద్ద కూడా. వారమంతా కల్లంలో పెత్తనం, ఆదివారం చర్చిలో పెత్తనం. కిందటి వేసవిలో ఆడవాళ్లు ఎండకు సొమ్మసిల్లుతుంటే, నీడకు టార్పాలిన్ కట్టించమని రెబ్కా అందరి ముందూ అతన్ని నిలదీసింది. కట్టించక తప్పలేదు. ఆ కడుపుమంట అతనికింకా చల్లారలేదు.

దవడ వాస్తే రెబ్కా పన్ను నొప్పనుకుని పీకించుకుంది. రక్తం ఆగలేదు. గుంటూరులో ముక్క తీసి పరీక్షించి, ఇది లివర్ కేన్సరని, రక్తంలో కలిసి దవడ ఎముకకు పాకిందని చెప్పారు. ఇలా రావడం అరుదనీ, ఎన్నేళ్లనుంచో ఒంట్లో ఉన్న కామెర్ల వైరస్ దీనికి మూలమనీ డాక్టరమ్మ అంది.

శ్యామ్ సుందర్ వింటేగా!

"లివర్ జబ్బు దవడకొచ్చుద్దా ఎక్కడైనా? నోరు పారేసుకున్నావు, దేవుడు నోటినే పట్టాడు. ఆదివారం సంఘం ముందు తప్పు ఒప్పుకో. లేకపోతే ప్రభువు బల్లా లేదు, పనీ లేదు."

బల్లకు, అంటే చర్చిలో ప్రభువు పేర పంచే రొట్టెకూ ద్రాక్షారసానికీ, దూరమైనవాళ్లకు సంఘం సమాధుల దొడ్డిలో చోటు లేదు. రెబ్కా మొగుడు మార్కు అక్కడే ఉన్నాడు. అతని పక్కన చోటు కోసమే ఆమె బెంగంతా.

"ఒక్క మాట అనెయ్యక్కా, నీ సొమ్మేం పోయింది?" అని క్రిస్టీనా బతిమాలింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక శ్యామ్ సుందర్ గొంతు సవరించుకున్నాడు. "సహోదరి రెబ్కా ఒక మాట చెప్పుద్ది."

రెబ్కా లేచి తువ్వాలు విప్పింది. ఆ వాపు చూడలేక కొందరు మొహం తిప్పుకున్నారు.

"చూడండి, తిప్పుకోబాకండి. ఇది జబ్బు. శిక్ష కాదు. నీడ అడగటం పాపమా? దాని కిందేగా మీరంతా కూర్చునేది! నేనివాళ తప్పంటే రేపు ఇంకెవతీ నోరు తెరవదు. నన్ను ఎక్కడ పూడుస్తారో మీ ఇష్టం. నేను ఒప్పుకోను."

మాట ముద్దగా వచ్చినా అందరికీ వినపడింది.

శ్యామ్ సుందర్ ద్రాక్షారసం గిన్నెల పళ్లెం పట్టుకుని వరుస వెంట వచ్చాడు. చెయ్యి చాచిన రెబ్కాను దాటేసి, క్రిస్టీనా ముందు ఆగాడు.

క్రిస్టీనా చేతులు ఒళ్లోంచి తియ్యలేదు.

"ముందు అక్కకివ్వండి," అంది.